డల్లాస్ అవతల 285 వేల ఇల్లు, జీరో డౌన్: యూఎస్‌డీఏ లోన్ మీద నా జవాబు

అన్నయ్యగారూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ముందు చెబుతాను, తప్పుంటే దిద్దండి. మీ అక్కగారి పిటిషన్ మీద మీరు నలుగురూ గ్రీన్ కార్డులతో వచ్చి నాలుగేళ్లయింది. మీరు వేర్‌హౌస్‌లో సూపర్‌వైజర్, జీతం ఏడాదికి 58 వేల డాలర్లు. మీ ఆవిడ ఆస్పత్రి బిల్లింగ్‌లో చేస్తారు, 34 వేలు. అమ్మాయికి 18 నిండి కాలేజీలో చేరింది, బాబు ఇంకా స్కూల్లో ఉన్నాడు. బ్యాంకులో 14 వేలు ఉన్నాయి. కారు లోన్ నెలకు 430. క్రెడిట్ స్కోర్లు 668, 655. డల్లాస్‌కు నలభై మైళ్ల అవతల కొత్తగా వేస్తున్న కాలనీలో 285 వేల ఇల్లు చూపించి, "ఇది గవర్నమెంట్ రూరల్ లోన్, మీరు పైసా డౌన్ పేమెంట్ కట్టక్కర్లేదు, ఆదివారంలోగా సంతకం పెట్టండి" అన్నాడు ఏజెంట్. ఇది నిజమా, మోసమా అని అడిగారు. దాంతోపాటు రెండెకరాల స్థలం, ఒక ఆవు, పెరడు కల గురించీ, ఊళ్లో మీ పేరు మీదున్న పెంకుటిల్లు గురించీ అడిగారు.

మోసం కాదు. జీరో డౌన్ అన్నది నిజమే. నాకు కనిపించిన మెలిక లోన్‌లో లేదు, ఆ ఇంటి ధరలోనూ దాని పన్నులోనూ ఉంది. ఎలాగో లెక్క వేసి చూపిస్తాను. నేను ఈ చుట్టుపక్కలే పన్నెండేళ్లుగా లోన్ ఫైళ్లు ప్రాసెస్ చేస్తున్నాను. అంతకుముందు 2011లో మేం కొన్న మొదటి ఇల్లు కూడా ఇదే లోన్ మీదే. కాబట్టి టేబుల్‌కు రెండు పక్కలా కూర్చున్నదాన్ని.

దీని అసలు పేరు సెక్షన్ 502 గ్యారంటీడ్ లోన్. 1949 హౌసింగ్ చట్టంలో సెక్షన్ 502 నుంచి వచ్చింది. నడిపేది వ్యవసాయ శాఖ, అంటే యూఎస్‌డీఏ. పేరులో వ్యవసాయం ఉంది గానీ రైతు లోన్ కాదిది. డబ్బు ఇచ్చేది మామూలు బ్యాంకో మార్ట్‌గేజ్ కంపెనీయో. మీరు కట్టలేకపోతే లోన్‌లో 90 శాతం దాకా ప్రభుత్వం హామీ ఉంటుంది. ఆ హామీ అప్పిచ్చినవాడికి, మీకు కాదు. మీరు కిస్తీలు ఆపేస్తే ఇల్లు పోవడం మిగతా లోన్‌లలాగే పోతుంది. "గవర్నమెంట్ లోన్" అనగానే మనవాళ్లకు ఊళ్లో రుణమాఫీ గుర్తొస్తుంది, అందుకని చెబుతున్నాను.

ఆ హామీకి రెండు ఫీజులు. మొదట్లో లోన్ మీద 1 శాతం, ఇది లోన్‌లోనే కలిపేస్తారు. తర్వాత ఏటా మిగిలిన అసలు మీద 0.35 శాతం, నెలనెలా కిస్తీలో కలిపి తీసుకుంటారు. మేం కొన్నప్పుడు మొదటి ఫీజు 3.5 శాతం ఉండేది. 2016 అక్టోబరు నుంచి ఇప్పుడున్న రేట్లు నడుస్తున్నాయి. వడ్డీ 30 ఏళ్లూ ఒకటే రేటు, మారేది ఉండదు. ముందే తీర్చేస్తే పెనాల్టీ లేదు.

ఇక మీకు వస్తుందా రాదా. గ్రీన్ కార్డు ఉంది కాబట్టి కాగితాల దగ్గర అడ్డు లేదు. (ఇది చదివే హెచ్1బీ వాళ్లు ఇక్కడే ఆగిపోండి. యూఎస్‌డీఏ లోన్‌కు పౌరసత్వమో గ్రీన్ కార్డో, లేదా శరణార్థుల్లాంటి కొన్ని హోదాలో ఉండాలి. వర్క్ వీసా చాలదు. 2025 మే 25 నుంచి ఎఫ్‌హెచ్‌ఏ (తక్కువ డౌన్‌తో వచ్చే ఇంకో గవర్నమెంట్ హామీ లోన్) కూడా వీసా మీదున్నవాళ్లకు తలుపు మూసింది. మీకు మిగిలింది కన్వెన్షనల్ లోన్, అంటే గవర్నమెంట్ హామీ లేని మామూలు లోన్. ఏ ఏజెంట్ అయినా "నేను మేనేజ్ చేస్తాను" అంటే అక్కణ్ణుంచి లేచి వచ్చేయండి.)

రెండోది మ్యాప్. ఏది రూరల్ అన్నది మన కంటికి పొలాలు కనిపించడాన్ని బట్టి ఉండదు. మామూలుగా 10 వేల లోపు జనాభా ఉన్న ఊళ్లు, ఊళ్ల బయటి ప్రాంతాలు వస్తాయి. 10 నుంచి 20 వేల మధ్య ఊళ్లకు వేరే షరతులున్నాయి. ఇంతకుముందు రూరల్‌గా ఉండి ఇప్పుడు పెరిగిపోయిన కొన్ని ఊళ్లను 35 వేల దాకా 2030 జనాభా లెక్కలు వచ్చేవరకు ఉండనిచ్చారు. డల్లాస్ పక్కనున్న ప్లేనో, ఫ్రిస్కో, ఇర్వింగ్ అడగనే అక్కర్లేదు, రావు. కానీ వాటి అవతల కొన్నిచోట్ల రోడ్డుకు ఇటు ఇల్లు వస్తుంది, అటు ఇల్లు రాదు. యూఎస్‌డీఏ వెబ్‌సైట్‌లో ఎలిజిబిలిటీ మ్యాప్ ఉంది, అడ్రస్ కొడితే నిమిషంలో చెబుతుంది. కొత్త కాలనీలో అడ్రస్ ఇంకా ఎక్కకపోతే మ్యాప్ మీద వేలితో ఆ చోటు పట్టుకుని చూడండి. ఏజెంట్ మాట నమ్మి పెట్రోలు పోసుకుని వెళ్లేముందు చేయాల్సిన పని ఇది.

మూడోది ఇంటి ఆదాయం. ఇక్కడే మనవాళ్లు ఎక్కువమంది తప్పు లెక్క వేస్తారు. ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో 115 శాతం దాటకూడదన్నది రూలు. 2025లో వచ్చిన లెక్క ప్రకారం దేశంలో చాలా కౌంటీల్లో నలుగురు దాకా ఉన్న ఇంటికి 119,850 డాలర్లు, ఐదు నుంచి ఎనిమిది మంది ఉంటే 158,250. ఖరీదైన ప్రాంతాల్లో ఇంకా ఎక్కువ. మీది 92 వేలు, లోపలే ఉన్నారు. అయితే ఇందులో లోన్ మీద సంతకం పెట్టేవాళ్ల ఆదాయమే కాదు, ఆ ఇంట్లో ఉండబోయే పెద్దవాళ్లందరి ఆదాయమూ కలుస్తుంది. ఇంట్లో తమ్ముడు ఉండి ఉద్యోగం చేస్తుంటే అతనిదీ లెక్కే. మీ అమ్మాయి ఫుల్‌టైమ్ స్టూడెంట్ కాబట్టి తను పార్ట్‌టైమ్ చేసినా మొదటి 480 డాలర్లే లెక్కలోకి వస్తాయి. పైగా 18 లోపు పిల్లలకూ, ఫుల్‌టైమ్ చదువుకునేవాళ్లకూ తలా 480 మొత్తం ఆదాయంలోంచి తీసేస్తారు కూడా. తను చదువు ఆపి ఉద్యోగంలో చేరితే కథ మారుతుంది. మీ అమ్మగారు ఆరు నెలలకు విజిటర్‌గా వస్తారన్నారు, ఆవిడను ఇంటి మనిషిగా ఫారంలో రాయకండి.

"మా ఆవిడ పేరు పెట్టకపోతే బెటరా" అని కూడా అడిగారు. వద్దు. టెక్సస్ కమ్యూనిటీ ప్రాపర్టీ రాష్ట్రం, అంటే పెళ్లయ్యాక వచ్చిన ఆస్తీ అప్పూ మామూలుగా ఇద్దరివీ అని చూసే చోటు. ఆవిడ పేరు తీసేసినా ఆవిడ క్రెడిట్ కార్డు బాకీలు మీ లెక్కలో కలుస్తాయి. ఆదాయం మాత్రం లిమిట్ చూసేటప్పుడు కలుస్తుంది, మీరు కట్టగలరా అని చూసేటప్పుడు కలవదు. రెండు రకాలా నష్టమే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఈ లోన్‌లో ఆదాయానికి పైన కప్పు ఉన్నట్టే కింద నేల కూడా ఉంది. ఆ నేలే రేషియో. ఇంటి ఖర్చు మొత్తం, అంటే అసలు, వడ్డీ, పన్ను, ఇన్సూరెన్స్, ఏటి ఫీజు, హెచ్‌ఓఏ (కాలనీ సంఘానికి కట్టే రుసుము) కలిపి మీ నెల ఆదాయంలో 29 శాతం లోపు ఉండాలి. దానికి కారు లోన్, కార్డుల కనీస చెల్లింపులు కలిపితే 41 లోపు ఉండాలి. ఇద్దరి స్కోరూ 680 దాటి, మిగతా బలాలు చూపిస్తే 32, 44 దాకా అండర్‌రైటర్ (ఫైలు పరీక్షించి ఓకే చేసే లెండర్ మనిషి) ఒప్పుకోవచ్చు. మీ స్కోర్లకు ఆ సడలింపు దొరకదు. కంప్యూటర్ సిస్టమ్ ఒకటుంది, 640 దాటినవాళ్ల ఫైలు అందులో పెడితే రేషియో కొంచెం ఎక్కువైనా ఒక్కోసారి "అక్సెప్ట్" అని వచ్చేస్తుంది. మీ ఏజెంట్ ధైర్యం దాన్ని చూసుకునే అయ్యుండాలి.

మీ నెల ఆదాయం పన్నులు కోయకముందు సుమారు 7,667. వడ్డీ 6.5 శాతం అనుకుందాం. 285 వేల ఇంటికి ఫీజుతో కలిపి లోన్ 287,900 దగ్గరికి వస్తుంది. అసలు వడ్డీ 1,820. ఏటి ఫీజు నెలకు 84. ఇన్సూరెన్స్ టెక్సస్ వడగళ్ల పుణ్యమా అని నెలకు 250 వేసుకోండి. హెచ్‌ఓఏ 50. పన్ను 2 శాతమే అనుకుంటే 475. మొత్తం 2,679, అంటే 35 శాతం. 29 ఎక్కడ, 35 ఎక్కడ! కారు కలిపితే 40.6, అంచు మీద నిలబడ్డట్టు.

కానీ ఆ కాలనీలో పన్ను 2 శాతం ఉంటుందని నేను అనుకోను. నా అసలు అనుమానం ఇక్కడే. ఊరి హద్దుల అవతల పొలాల్లో కొత్తగా లేచే కాలనీలకు నీళ్లు, డ్రైనేజీ వేయడానికి ఎంయూడీ అని ఒక ప్రత్యేక జిల్లా పెడతారు. అది బాండ్లు అమ్మి పైపులు వేస్తుంది, ఆ బాకీని ఇళ్లవాళ్ల దగ్గర పన్నుగా రాబడుతుంది. అది కలిస్తే మొత్తం పన్ను 3 శాతం కూడా అవుతుంది. 285 వేల మీద 3 శాతమంటే ఏడాదికి 8,550, నెలకు 712. అప్పుడు ఇంటి ఖర్చు 2,916, ఆదాయంలో 38 శాతం. కారుతో 43.6. ఇక గీత దాటేశారు. ఎంయూడీ ఉంటే అమ్మేవాడు కాంట్రాక్టుకు ముందే దాని నోటీసు చేతికివ్వాలి, అది చట్టం. మీకు ఇచ్చిన కట్టలో ఆ కాగితం ఉందా చూడండి. లేకపోతే "ఎంయూడీ ఉందా, పోయినేడాది మొత్తం ట్యాక్స్ రేటెంత" అని ఈమెయిల్‌లో అడగండి. ఫోన్‌లో వద్దు, జవాబు రాతలో ఉండాలి.

దీనికి తోడు మొదటి ఏడాది ఒక వింత జరుగుతుంది. టెక్సస్‌లో పన్ను జనవరి 1న అక్కడ ఏముందో దాని మీద వేస్తారు. ఆ రోజుకు మీ ప్లాటు ఖాళీగా ఉంటే ఆ ఏటి బిల్లు నేల మీదే వస్తుంది. నేల విలువ 60 వేలనుకుంటే 3 శాతం చొప్పున 1,800, నెలకు 150. ఎస్క్రోలోకి, అంటే పన్నూ ఇన్సూరెన్సూ కట్టడానికి లెండర్ నెలనెలా మీ దగ్గర తీసి ఉంచే ఖాతాలోకి, ఆ లెక్కనే తీసుకున్నారనుకోండి, మొదటి ఏడాది పేమెంట్ చల్లగా ఉంటుంది. మరుసటేడు ఇంటితో కలిపి 8,550 బిల్లు వస్తుంది. ఎస్క్రోలో ఉన్నది 1,800. లోటు 6,750. ఆ లోటును పన్నెండు నెలల్లో పంచి వసూలు చేస్తారు, పైగా ఆ ఏటి నుంచి పన్ను భాగం కూడా 150 నుంచి 712కి పెరుగుతుంది. రెండూ కలిసి ఒక్క నెలలో పేమెంట్ 1,100 డాలర్లకు పైగా లేస్తుంది. వడ్డీ ఫిక్స్‌డ్ కదా, ఎలా పెరిగిందని జనం బ్యాంకు మీద అరుస్తారు. నా దగ్గర లోన్ చేసుకున్న ఒకాయన ఆ ఉత్తరం పట్టుకుని నేరుగా మా ఇంటికే వచ్చేశారు. నేను చేయగలిగిందల్లా టీ ఇచ్చి లెక్క అర్థమయ్యేలా చెప్పడం. హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్ (సొంతంగా ఉండే ఇంటికి ఇచ్చే పన్ను మినహాయింపు) పెట్టుకుంటే కొంత తగ్గుతుంది. 2025 నవంబరు ఓటింగ్ తర్వాత స్కూల్ పన్నులో ఇంటి విలువలోంచి 140 వేలు మినహాయిస్తున్నారు. ఏప్రిల్ 30 లోపు అప్లికేషన్ ఇవ్వాలి, ఫీజు ఉండదు. డ్రైవింగ్ లైసెన్సు మీద ఆ కొత్త ఇంటి అడ్రసే ఉండాలి. కానీ ఎంయూడీ వేసే పన్నుకు ఈ మినహాయింపుతో పని లేదు. కాబట్టి ఏ కాలనీలో కొన్నా, ఎస్క్రో పూర్తయిన ఇంటి విలువ మీద వేయమని లోన్ ఆఫీసర్‌కు ముందే చెప్పండి.

మరి మీరు ఎంతలో చూడాలి? అవే అంకెలతో, ఎంయూడీ లేని, హెచ్‌ఓఏ లేని పాత ఇల్లు 235 వేలకు దొరికిందనుకోండి. అసలు వడ్డీ 1,500, ఏటి ఫీజు 69, పన్ను 392, ఇన్సూరెన్స్ 250. మొత్తం 2,211. ఆదాయంలో 28.8 శాతం. కారుతో 34.4. ఇదీ మీ ఇల్లు. కంప్యూటర్ దయ అక్కర్లేదు, మనిషి చేతికి ఫైలు వచ్చినా కళ్లు మూసుకుని సంతకం పెడతాడు. కారు లోన్ ఎంత మిగిలిందో మీరు రాయలేదు. అది తీరిపోయినా మొదటి రేషియో మారదు, కాబట్టి ఉన్న 14 వేలు అందులో పోసేయకండి.

ఎందుకంటే జీరో డౌన్ అంటే జీరో ఖర్చు కాదు. టైటిల్ (ఇంటి హక్కు పత్రాల తనిఖీ), అప్రైజల్ (ఇంటి విలువ కట్టించడం), ఎస్క్రోలోకి ముందే వేసే పన్ను, ఇన్సూరెన్స్, ఇవన్నీ కలిపి క్లోజింగ్ రోజున, అంటే ఇల్లు మీ పేరుకు మారే రోజున, కొన్ని వేలు కావాలి. ఇందుకు రెండు దారులున్నాయి. అమ్మేవాడు ధరలో 6 శాతం దాకా మీ ఖర్చులకు ఇవ్వచ్చు. రెండోది ఈ లోన్‌కే ప్రత్యేకం: అప్రైజల్ కొనే ధర కంటే ఎక్కువ వస్తే, ఆ తేడా మేరకు క్లోజింగ్ ఖర్చులు లోన్‌లో కలుపుకోవచ్చు. 235 వేలకు కొని అప్రైజల్ 239 వస్తే, నాలుగు వేలు అలా సర్దుబాటవుతాయి. ఎఫ్‌హెచ్‌ఏతో పోలిస్తే ఎంత తేడానో చూడండి. అదే ఇంటికి అక్కడ 3.5 శాతం డౌన్, అంటే 8,225 చేతి నుంచి పెట్టాలి. మొదటి ఫీజు 1.75 శాతం, సుమారు 3,970. ఏటి ఫీజు నెలకు 104. ఇక్కడ 69. ఊరు మ్యాప్‌లో ఉండి ఆదాయం లిమిట్‌లో ఉంటే ఎఫ్‌హెచ్‌ఏ వైపు చూడాల్సిన పనే లేదు.

పాత ఇల్లంటే సెప్టిక్ ట్యాంకు, బోరు ఉండొచ్చు. భయపడక్కర్లేదు, కానీ పరీక్ష చేయించకుండా కొనకండి. అప్రైజర్ ఇంటిని ఎఫ్‌హెచ్‌ఏ కొలతలకు సరిపోతుందా అని చూస్తాడు. బోరుకూ సెప్టిక్ ట్యాంకుకూ మధ్య 50 అడుగులు, మురుగునీరు ఇంకే డ్రెయిన్ ఫీల్డ్‌కు 100 అడుగుల దూరం అడుగుతారు. బోరు నీళ్లకు ల్యాబ్ టెస్ట్ పాసవ్వాలి. అప్రైజర్ పైపైన చూసేవాడు, మూత తీసి చూడడు. మా 2011 ఇంటికి సెప్టిక్ వాడిని పిలుద్దామంటే మా ఆయన "మూడొందలు దండగ, ఫ్లష్ చేస్తే పోతోందిగా" అన్నారు. గృహప్రవేశానికి యాభై మంది వచ్చారు. సత్యనారాయణ వ్రతం కథ మూడో అధ్యాయంలో ఉండగా బాత్రూమ్ నుంచి నీళ్లు హాల్లోకి నడిచొచ్చాయి. డ్రెయిన్ ఫీల్డ్ ఎప్పుడో పాడైందట, ముందున్న ముసలాయన ఒక్కడే ఉండటంతో బయటపడలేదు. దాన్ని మళ్లీ వేయించడానికి అయిన ఖర్చు ఇక్కడ రాస్తే మా ఆయన ఇంకా బాధపడతారు.

మీ రెండెకరాల కల గురించి. ఇన్ని ఎకరాలు దాటకూడదన్న అంకె గ్యారంటీడ్ లోన్‌లో లేదు. ఆ చుట్టుపక్కల ఇళ్లకు మామూలుగా అంత స్థలం ఉంటుందా అని చూస్తారు. పెరట్లో వంకాయ, గోంగూర, సొరపాదు ఎంతైనా వేసుకోండి. ఇంటికి పాలిచ్చే ఆవును ఎవరూ లెక్కపెట్టరు, కౌంటీ రూలూ కాలనీ రూలూ ఒప్పుకుంటే చాలు. డబ్బు సంపాదించే పొలమో, పశువుల షెడ్డో, కోళ్ల ఫారమో ఉన్న ఆస్తి అయితే ఈ లోన్ రాదు. దానికి యూఎస్‌డీఏలోనే ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ వేరే ఉంది, ఆ కథ వేరు. అలాగే కొన్నాక మీరే ఉండాలి, అద్దెకిచ్చే ఉద్దేశంతో కొనకూడదు.

ఊళ్లో పెంకుటిల్లూ ఎకరంన్నర మాగాణీ దాచకండి. లోన్ ఫారంలో మీ పేరు మీదున్న ఆస్తులన్నీ రాయమంటారు, అమెరికాలో ఉన్నవే అని ఎక్కడా లేదు. ఒక పాత ఇల్లు ఉన్నంత మాత్రాన లోన్ పోదు. దాని మీద కౌలు వస్తుంటే అది ఆదాయమే. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు ఎక్కడ సంపాదించినా ఇక్కడి ట్యాక్స్ రిటర్న్‌లో చూపాలి. లెండర్ రెండేళ్ల రిటర్న్‌లు అడిగినప్పుడు కౌలు డబ్బు బ్యాంకులో కనిపించి రిటర్న్‌లో కనిపించకపోతే ఫైలు అక్కడే ఆగుతుంది. ముందే మీ సీపీఏతో, అంటే ట్యాక్స్ చూసే అకౌంటెంట్‌తో, మాట్లాడి సరిచేసుకోండి.

మీరు అడగలేదు గానీ నేను అడుగుతాను: చిట్టీ ఏమైనా వేస్తున్నారా? మనవాళ్ల ఫైళ్లు ఎక్కువగా ఆగేది స్కోరు దగ్గర కాదు, ఇక్కడే. పాడుకున్న పది వేలు ఒకేసారి అకౌంట్‌లో పడితే అండర్‌రైటర్ "ఇది ఎక్కణ్ణుంచి వచ్చింది" అంటాడు. చిట్టీ అంటే ఆయనకు అర్థం కాదు. అర్థమైనా అది అప్పులా కనిపిస్తుంది. బావగారి దగ్గర చేబదులు తెచ్చి గిఫ్ట్ లెటర్ రాయించడం ఇంకా ప్రమాదం. తిరిగి ఇచ్చే డబ్బును గిఫ్ట్ అని సంతకం పెడితే అది తప్పుడు ప్రకటన. నిజంగానే మీ అక్కగారు ఇస్తే లెటరు, ఆవిడ అకౌంట్ నుంచి మీ అకౌంట్‌కు వచ్చిన ట్రాన్స్‌ఫర్, రెండూ ఉంచుకోండి. ఊళ్లో పొలం అమ్మిన డబ్బయితే రిజిస్ట్రేషన్ కాగితం నుంచి వైర్ దాకా ప్రతి మెట్టుకూ కాగితం కావాలి. ఎవరికైనా కారు లోన్‌కు కోసైన్ చేసి (హామీ సంతకం పెట్టి) ఉంటే చెప్పండి, అది మీ అప్పే. వాళ్లే పన్నెండు నెలలుగా కడుతున్నారని బ్యాంకు స్టేట్‌మెంట్లతో చూపిస్తే తప్ప తీసేయరు.

డైరెక్ట్ లోన్ అని ఇంకొకటుంది, యూఎస్‌డీఏ రూరల్ డెవలప్‌మెంట్ ఆఫీసే నేరుగా ఇస్తుంది. ఇంకా తక్కువ ఆదాయం వాళ్లకు. 33 ఏళ్లు, కొందరికి 38 ఏళ్లు. సబ్సిడీతో వడ్డీ 1 శాతం దాకా దిగొచ్చు, అయితే ఇల్లు అమ్మేటప్పుడు ఆ సబ్సిడీలో కొంత వెనక్కి కట్టాల్సి రావచ్చు. మీ 92 వేలు మీ కౌంటీ లిమిట్‌లో వస్తాయో లేదో ఒకసారి చూసుకోండి.

చివరిగా ఆదివారం సంగతి. ఈ లోన్‌కు రెండు ఆమోదాలు కావాలి. లెండర్ ఓకే అన్నాక ఫైలు యూఎస్‌డీఏకు వెళ్తుంది. అక్కడ కమిట్‌మెంట్, అంటే హామీ ఇస్తామన్న కాగితం, వచ్చాకే క్లోజింగ్. ముప్పై రోజుల్లో అయిపోతుందని రాసిస్తే నమ్మకండి, నలభై ఐదు అడగండి. 2025 అక్టోబరు 1 నుంచి నవంబరు 12 దాకా గవర్నమెంట్ షట్‌డౌన్‌లో కొత్త కమిట్‌మెంట్లు ఆగిపోయి, సామాన్లు సర్దుకుని కూర్చున్న కుటుంబాలను చూశాను. మామూలు ఇళ్ల కాంట్రాక్టులో ఆప్షన్ పీరియడ్ ఉంటుంది, కొద్దిపాటి ఫీజు కట్టి కొన్ని రోజుల్లో కారణం చెప్పకుండా వెనక్కి తగ్గొచ్చు. బిల్డర్లు వాడేది వాళ్ల సొంత కాంట్రాక్టు, అందులో సాధారణంగా ఆ వెసులుబాటు ఉండదు. ఆదివారం మీరు సంతకం పెట్టి, తర్వాత రేషియో కుదరక లోన్ రాకపోతే ఎర్నెస్ట్ మనీ, అంటే మీరిచ్చిన బయానా, పోవచ్చు.

అందుకని ఏజెంట్‌కు ఇలా రాయండి: "మాకు మూడు కావాలి. ఈ ప్లాటుకు మొత్తం ట్యాక్స్ రేటు, ఎంయూడీ నోటీసు, యూఎస్‌డీఏ లోన్ రాకపోతే ఎర్నెస్ట్ మనీ పూర్తిగా వాపసు ఇస్తామని కాంట్రాక్టులో ఒక వాక్యం. ఇవి వచ్చాకే సంతకం." ఈలోపు బిల్డర్ చెప్పిన లెండర్‌తో పాటు బయట ఇంకొకరి దగ్గర కూడా ప్రీ అప్రూవల్ (ఎంత లోన్ రావచ్చో చెప్పే ముందస్తు కాగితం) తీసుకోండి. యూఎస్‌డీఏ ఫైళ్లు నెలకు ఎన్ని చేస్తారో వాళ్లను అడగండి, ఏడాదికి ఒకటో రెండో అంటే ఇంకొకరిని చూసుకోండి. ట్యాక్స్ రేటు తెలిశాక ఇక్కడే పెట్టండి, లెక్క మళ్లీ వేసి చెబుతాను.